లంగాబొందుతో లాగిన విమానం

మబ్బుల్లో మందు చల్లి వాన కురిపిస్తామని ప్రభుత్వం చిన్న విమానాన్ని తెప్పించిన కాలమది. అనంతపురం దగ్గర మట్టి రన్‌వే, దాని పక్కన మిట్ట మీద రేకుల షెడ్డు. దిగిన విమానాన్ని ఆ మిట్ట మీదికి లాగే వించి మిషను నా చేతిలో ఉండేది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు బోర్లలో ఇరుక్కున్న మోటార్లను ఇనుప తాడుతో పైకి తీసినవాణ్ణి. నెలజీతమనేది అప్పుడే మొదటిసారి చూస్తున్నాను. అది పోతే మళ్లీ బోర్ల వెంట తిరగడమే.

ఒకరోజు మెకానిక్ ఇనుప తాడు విప్పించి, నీలంరంగు సింథటిక్ తాడు ఎక్కించమన్నాడు. చుట్ట మొత్తం ఒంటి చేత్తో లేచింది. నాకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, లంగాబొందుతో ఇమానాన్ని లాగుతారా?" అన్నాను.

"అన్నా, ఇనుప తాడు పోగులు లేచినాయి. తెగి ఎగిరిందంటే తలకాయ పోతాది. ఇది తెగినా ఉన్నచోటే పడతాది. గరుకు తగిలితే మాత్రం ఓర్చదు. తాడు జారే గిలకను ఆకురాయితో నున్నగా రుద్దు," అన్నాడు.

"ఇమానానికి గీత పడినా నిన్ను ఇంటికి పంపిస్తా," అని పక్కనే ఉన్న మా ఆఫీసరు తన వంతు కలిపాడు.

ఇంట్లో ఈ భాగోతం చెప్పాను. చేదబావిలో నీళ్లు తోడి తోడి చేతులు కాయలు కాసిన మనిషి నా భార్య.

"తాడు సరే, గిలక చూసుకుంటివా?" అంది.

"నీ చేంతాడుకూ ఇమానానికీ యాడన్నా పోలికుండాదా?" అని కసిరాను.

"తెగినాక తాడును తిడతావులే. ఆడలేక మద్దెల ఓడనే రకం."

పౌరుషం కొద్దీ ఆకురాయి ముట్టలేదు.

మరుసటి రోజు విమానం సగం మిట్ట ఎక్కింది. గిలక దగ్గర టప్పుమంది. ఇనుప తాడు అలవాటు కదా, తల పట్టుకుని బోర్లా పడ్డాను. తాడేమో ఉన్నచోటే చచ్చిన పాములా పడింది. తలెత్తేసరికి విమానం తాపీగా వెనక్కి దొర్లుతూ రన్‌వే దాటి, పక్క వేరుశనగ చేనులోకి దిగి, మెత్తటి దుక్కిలో ఆగింది.

కలుపు తీస్తున్న ముసలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వాన పడతాదంటిరి గదప్పా, ఇమానం పడె!"

దేవుడి దయవల్ల గీత కూడా పడలేదు. ఆఫీసరు ఉరికొచ్చి మెకానిక్ మీద పడ్డాడు. "ఏం తాడు తెచ్చినావయ్యా? పాతదే ఎక్కించు!"

నోరు మూసుకుంటే చాలు, నా జీతం నాకు ఉంటుంది. కానీ చెవిలో మద్దెల మోగుతోంది. సిగ్గేసింది.

"తాడుది తప్పు కాదు సార్, గిలకది," అన్నాను. "గిలకది గూడా కాదు, నాది. రుద్దమంటే రుద్దలా."

"అయితే ఇంటికి పో!"

"ఈయప్పను పంపితే గిలక ఎవురు రుద్దుతారు సార్?" అన్నాడు మెకానిక్.

ఆఫీసరు గొణుక్కుంటూ సరేనన్నాడు. సాయంత్రం దాకా నేనే రుద్దాను. ఇంటికెళ్లి నా భార్య ముందు బొబ్బలెక్కిన అరచేతులు చాపాను. జరిగింది చెప్పి, ఉద్యోగం మాత్రం పోలేదన్నాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. నూనె రాసి, మెల్లగా అడిగింది.

"ఆకురాయి తెచ్చినావా? మన బాయి గిలక గూడా గరుకుగా ఉండాది."