వడ్ల దొర ఇంటి పంతులమ్మ

పంతులమ్మ గారు పోయారన్న కబురు కోదాడ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు తెచ్చాడు. సూర్యాపేటలో నేను పనిచేసే బడి గుమ్మం దగ్గర నిలబడి, "మీ పంతులమ్మ తెల్లారంగ పోయిందటమ్మా. జెరమట" అన్నాడు. సరేనన్నాను. లోపలికి వచ్చి నల్లబల్ల మీద సగంలో వదిలిన లెక్క పూర్తి చేశాను. అర్థమైందా అని పిల్లలను అడిగాను కూడా. ఏడుపు రాలేదు. ఇది రాసేనాటికి పది రోజులైంది. ఇంకా రాలేదు.

ఆమెను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె తండ్రి డెన్మార్కు దేశపు వడ్రంగి. మిషను దవాఖానకు తలుపులూ కిటికీలూ చేయడానికి భార్యతో ఓడెక్కి వచ్చి, కోదాడ దగ్గరే ఉండిపోయాడు. మా వైపు వడ్రంగిని వడ్లాయన అంటారు కనుక ఊరివాళ్లు ఆయన్ను వడ్ల దొర అనేవారు. రోడ్డు పక్కన తన చేతులతోనే ఇల్లు కట్టుకున్నాడు. దూలాలు, మెట్లు, గోడ అలమారలు అన్నీ ఆయన చెక్కినవే. కప్పు మాత్రం మరీ వాలు. వాళ్ల దేశంలో మంచు జారిపోవడానికి అలా కడతారట.

"గీడ మంచేది నాయనా అంటే, నా చేతులకు గదొక్కటే వచ్చు బిడ్డా అన్నడు" అని పంతులమ్మ గారు నవ్వేవారు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కట్టూ మాటా మనవే. "మా అమ్మ భాషల నాకు అన్నం అడిగేటంత వస్తది, గంతే" అనేవారు.

ఉర్దూ బడి తప్ప మరో బడి లేని రోజుల్లో ఆ ఇంటి వరండాలో ఆడపిల్లలకు తెలుగు నేర్పారు. వాళ్లలో నేనొకదాన్ని. పలక మీద ఉమ్మి తుడిస్తే ఊరుకునేవారు కాదు. ప్రతి పలకకూ ఒక గుడ్డముక్క తానే దారంతో కట్టి ఇచ్చేవారు.

తల్లిదండ్రులు పోయాక పంతులమ్మ గారు ఇంటి ముందువైపు రెండు గదులనూ నలుగురూ చూసేందుకు ఉంచేశారు. తండ్రి చిత్రిక, ఉలులు, కర్ర చెప్పులు, తల్లి తెచ్చుకున్న నీలిపూల పింగాణీ పళ్లాలు. అన్నిటికన్నా వింత, గోడలో అలమారలా అమర్చిన మంచం. దానికి తలుపులుండేవి. చలికి అవి మూసుకుని పడుకుంటారట. తల్లి అందులోనే కన్నుమూసింది. ఆ తర్వాత ఎవరినీ దాని మీద కూర్చోనిచ్చేవారు కాదు. ఆదివారం సంతకు వచ్చినవాళ్లు గుంపుగా వస్తే, "చెప్పులిడిచి రాండ్రి. కండ్లతోని సూడుండ్రి, చేతులతోని కాదు" అనేవారు.

రాజ్యం మారిన గడబిడల ఏడాది ఆ చుట్టుపక్కల ఒక వాడ కాలిపోయింది. అక్కడివాళ్లు పిల్లలను చంకనేసుకుని నడిచి వచ్చి ఆమె వాకిట్లో నిలబడ్డారు. ఆమె ఆ రెండు గదులూ వాళ్లకిచ్చారు. నేను సాయానికి వెళ్లాను. నీలి పళ్లాల్లో గంజి పోస్తుంటే చూడలేక, "అవి మీ అమ్మగారివి కదా" అన్నాను.

"తినేటందుకే తెచ్చింది గద" అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. పంతులమ్మ గారు తల్లి మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. అంతలో వీళ్లను వెతుక్కుంటూ తుపాకులవాళ్లు వస్తున్నారని ఎవరో చెప్పారు. మిగతావాళ్లు వెనక కొట్టంలోకి పరుగెత్తారు. పంతులమ్మ గారు మంచం తలుపులు మూసి, గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారు.

"ఇంట్ల ఎవరెవరున్నరు?" అన్నాడు ముందున్నవాడు.

"నేను, నా దగ్గర సదువుకున్న పిల్ల. గిది మా నాయన సామాను పెట్టిన ఇల్లు. సూడాల్నంటే చెప్పులిడిచి రాండ్రి."

అతను బూట్లతోనే వచ్చాడు. మంచం తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఆ నొప్పులు పడుతున్నామె కేక బయటికి రాకుండా గుడ్డ కొరుక్కుని ఉంది.

"దీంట్ల ఏముంది?"

"మా అమ్మ సచ్చిపోయిన మంచం" అన్నారు పంతులమ్మ గారు, మామూలు గొంతుతో.

అతను చెయ్యి తీసేశాడు. కాసేపు గోడల వంక చూసి వెళ్లిపోయాడు. అప్పుడు పంతులమ్మ గారు కింద కూర్చున్నారు. నేను చెంబుతో నీళ్లు తాగించాను. పొద్దు గూకకముందే ఆడపిల్ల పుట్టింది.

అంతా సద్దుమణిగి వాళ్లు వెళ్లిపోయాక ఒకరోజు వెళ్లాను. పంతులమ్మ గారు నేల మీద కూర్చుని, పగిలిన నీలి పళ్లెం ముక్కలు ఒకదానికొకటి ఆనించి చూస్తున్నారు. "పోయింది ఒక్కటే కదమ్మా" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఓడల వచ్చినన్ని దినాలు ఒళ్లె పెట్టుకొని తెచ్చిందట" అన్నారు. నేను పక్కన కూర్చుని ముక్కలు అందించాను.

కబురు విని నేను కోదాడ చేరేసరికే మట్టి చేసేశారు. ఇంటి తాళాలు నాకిమ్మని పక్కింటివాళ్లకు చెప్పి పోయారట. "ఆదివారం తెరువుమని చెప్పిందమ్మా. ఇంకేం చెప్పలే" అన్నారు వాళ్లు. ఆదివారం తెరిచాను. సంత జనం వచ్చారు. ఇది చిత్రిక, ఇవి కర్ర చెప్పులు అని ఒక్కొక్కటీ చెప్పాను. పుస్తకంలోది చదువుతున్నట్టుగా ఉంది నా గొంతు.

అందరూ వెళ్లాక వెనక తలుపు తీశాను. దండెం మీద ఆమె ఆరేసుకున్న తెల్లచీర అలాగే ఉంది. వానకు తడిసి, ఎండకు ఆరి, బిరుసెక్కి ఉంది. తీసి మడత పెట్టాను. ఆమె పడుకునే గదిలో పెట్టాలో, నలుగురూ చూసే ముందు గదిలో పెట్టాలో తెలియక, చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.