మోచేతుల దాకా నీలం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కళ్లజోడుకు ఒక పక్క దారం కట్టుకుని నెట్టుకొస్తున్నాను, చదివేవాళ్లకూ వేరే పనులుంటాయి. కానీ మొన్న సోమవారం మా కొత్తవాడ బాల్వాడి టీచరమ్మ పోయింది. దవాఖానలో రెండు రోజులే ఉందట. ఆమె గురించి చెప్పవలసిన ముక్క ఒకటి పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

నేను జంఖానాలు, అంటే కింద పరుచుకునే నూలు తివాచీలు, నేసే కార్ఖానాలో నూలుకు రంగులు అద్దేవాణ్ని. బడి ముఖం చూడలేదు. రంగు పొట్లాలు కట్టిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే ఏ వార్తా నాకు చివరిదాకా తెలియదు, కాగితం ఎక్కడ చిరిగితే అక్కడికే. సరే, అది వేరే సంగతి.

టీచరమ్మ దగ్గర పలకలు తక్కువ, బురద ఎక్కువ. అందరూ మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు. వినాయక చవితికి తడిమట్టి ముద్దలిచ్చి పిసకమనేది. తొండం వచ్చిందా లేదా అని అడిగేది కాదు. ఉగాదికి వేపపూత నాలుక మీద పెట్టి వాళ్ల ముఖాలు చూసి నవ్వేది. హోలీకి మోదుగుపూలు కాచిన నీళ్లు గోరువెచ్చగా తెచ్చేది. ఇదేం చదువని అడిగితే, "ముందుగాల చేతులకు తెల్వాలె, పలకకు అవే చెప్పుకుంటయి" అనేది.

పన్నెండేళ్ల కిందట బతుకమ్మకు పిల్లల చేత తెల్లటి గునుగు పూలు రంగునీళ్లలో ముంచించాలని పసుపు, కుంకుమ కలిపి పెట్టుకుంది. అటు పోతూ చూసి, ఇవీ ఒక రంగులేనా అని నవ్వాను. నా పనితనం చూపించుకోవాలని, యజమానికి చెప్పకుండా, కార్ఖానాలో మిగిలిన నీలం ఒక బకెట్టు తెచ్చి ఇచ్చాను. ఉతికినా వదలని రంగు అది. నా చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉండేవి కనుక, చేతులంటే అలాగే ఉంటాయనుకున్నానేమో, ఒక్క నిమిషం ఆలోచించలేదు.

పూలు బాగా వచ్చాయి. పిల్లలు మణికట్ల దాకా నీలంగా ఇళ్లకు పోయారు. సబ్బుకు, సున్నిపిండికి, కిరసనాయిలుకు, దేనికీ వదల్లేదు. తల్లులు బాల్వాడి ముందుకొచ్చి, రంగెక్కడిదని నిలదీశారు. "నేనే తెచ్చిన, నాదే తప్పు" అంది టీచరమ్మ. నేను పక్క సందులోనే ఉన్నాను. నిజం చెబితే నా పని పోతుంది. చెప్పలేదు.

తెల్లారి ముగ్గురే పిల్లలు వచ్చారు. వారంలో తనిఖీ ఉంది. ఖాళీ చాపలు కనబడితే బాల్వాడి ఎత్తేస్తారు. ఆ సాయంత్రం టీచరమ్మ మిగిలిన నీలంలో తన రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, ఇల్లిల్లూ తిరిగింది.

"నా చేతులు చూడుండ్రి. నాకేమన్న అయితే మీ పిల్లల పంపకుండ్రి."

ఒక ముసలామె, "అచ్చం కృష్ణుని లెక్క అయినవ్ గదనే" అందట. అందరూ నవ్వారట. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి, తనిఖీకి ముందే చాపలు నిండాయి.

తర్వాత ఎప్పుడు ఎదురుపడినా, "మంచిగున్నవా అన్నా?" అని మాత్రం అడిగేది. అంతకు మించి ఒక్క మాట లేదు. తిట్టినా కొంత తేలికయ్యేది.

మొన్న ఆమె ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అప్పటి తల్లుల్లో ఒకామె పక్కకు పోయి నిలబడ్డాను. ఇక మోయడానికి ఓపిక లేదు.

"బిడ్డా, ఆ నీలం నేనిచ్చిందే" అన్నాను.

ఆమె తల తిప్పకుండానే అంది: "ఎర్కనే కాకా. ఆ దినం నీ చేతులు గూడ గదే రంగుండె."

కొంచెం జరిగి జంఖానా మీద చోటిచ్చింది. కూర్చున్నాను.