కొండ మీది నిమ్మగడ్డి వాసన

మా చిన్నప్పుడు... పొయ్యి మీద సంగటి ఉడుకుతుండగానే మా అమ్మ తెడ్డు చేత్తో పట్టుకుని బయటికొచ్చేసేది. కొండవైపు ముఖం పెట్టి గట్టిగా గాలి పీల్చేది. "ఆ... వస్తాండాది" అని లోపలికి పోయేది. కాసేపటికి మళ్లీ బయటికి! కుదురుగా కూర్చున్న అమ్మ నాకు గుర్తే లేదు.

రాయచోటి వైపు, కొండ కింద మా గుడిసె. తెల్లదొరల కాలం, యుద్ధం రోజులు. వానలు పడ్డాక కొండంతా నిమ్మగడ్డి... మా నాయన పైన వాగు పక్కన బట్టీ పెట్టి, పెద్ద రాగి బానలో ఆ గడ్డి ఉడికించి నూనె తీసేవాడు. గడ్డి ఉన్నన్నాళ్లూ మకాం అక్కడే. బాన ఉడికినంతసేపూ నిమ్మకాయ కోసినట్టు ఒకటే ఘాటు... గాలి దాన్ని కిందికి మోసుకొచ్చేది.

ఆ వాసనే మాకు కబురు. వాసన వస్తోందంటే మంట మండుతోందని, మంట మండుతోందంటే నాయన లేచి తిరుగుతున్నాడని! ఒక ఏడు మా చిన్నాయన అదే బట్టీ దగ్గర చలిజ్వరంతో పడిపోయాడు. మాకు తెలిసేసరికే ప్రాణం పోయింది. ఇంక అమ్మకు కుదురెక్కడిది?

ఆ మరుసటేడు గుడిసె కారుతోందని, నాయన కొండ మీంచి దొర్లించిన నిమ్మగడ్డి మోపులతోనే అమ్మ కప్పు వేసింది. మిగిలింది కింద పరుచుకుని పడుకున్నాం. అబ్బ... నిమ్మతోటలో పడుకున్నట్టే!

నాలుగైదు రోజులు గడిచాయో లేదో... ఒక పొద్దున అమ్మ బయట నిలబడి ఎంత పీల్చినా ఏమీ లేదు.

"పాపా, నీకేమన్నా వస్తాందా?"

నేనూ పీల్చాను. ఊహూ...

అమ్మ ముఖం పాలిపోయింది. సంగటి పొయ్యి మీదే వదిలేసి, నా రెక్క పట్టుకుని కొండెక్కింది. ముళ్లు గుచ్చుకున్నా ఆగలేదు. దారంతా "స్వామీ, మా ఇంటాయన్ని కాపాడు" అని ఒకటే గొణుగుడు.

తీరా పోతే... నాయన నిక్షేపంగా బాన కింద మంట ఎగదోస్తున్నాడు!

"ఏమే, ఏమైంది? ఇట్ల ఉరికొస్తాండావు?"

"వాసన రాలేదు... పొద్దున్నించి రాలేదు..." అమ్మకు ఊపిరి అందడం లేదు.

"రాకపోయేదేంది? తెల్లారకముందే మంటేసినా!"

నూనె బుడ్డి తెచ్చి అమ్మ ముక్కు కింద పెట్టాడు. అమ్మ పీల్చి తల అడ్డంగా ఊపింది. నాకూ పెట్టాడు. ఏదో లీలగా... అంతే.

నాయన బుడ్డి మూత బిగించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "రేయింబగళ్లు ఆ గడ్డిలోనే పొర్లుతాంటిరి గదా, ముక్కులు మొద్దుబారినాయి. రెండ్రోజులు దూరంగా ఉంటే మీకు మళ్లా వస్తాది."

"మరి నీకో?" అంది అమ్మ.

"నాకు పోయి శానా ఏండ్లాయె. గొర్లోళ్లు ఈ పక్కకొస్తే అడుగుతాంటా... వాసన ఎట్లుండాదప్పా అని."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే తిట్టింది. "ఈ వాసన నమ్ముకొనే నేను కింద బతుకుతాండా... ఇంక ముక్కుతో పనిలే. కండ్లతోనే చూస్తా!"

అన్నట్టే చేసింది. గడ్డి అయిపోయేదాకా రోజూ సంగటి మూట నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని కొండెక్కింది.

ఇప్పుడు మనిషి బాగున్నాడో లేదో తెలియాలంటే ఫోన్ కొడితే సరి. ఇదంతా కూడా మా మనవరాలి ఫోన్‌లోనే చెప్పి రాయిస్తున్నాను. ఆ పిల్ల ఇల్లు తుడిచే నీళ్లలో ఏదో పచ్చటి మందు కలుపుతుంది... అచ్చం అదే వాసన! "మనసుకు హాయిగా ఉంటుంది అవ్వా" అంటుంది.

హాయి సంగతేమో గానీ... నేల ఆరి ఆ వాసన తగ్గుతుంటే నాకు కాలు నిలవదు. లేచి గడప దాకా పోతాను. అక్కడ కొండా లేదు, నాయనా లేడు, ఎదురింటి గోడే ఉంది. అయినా గట్టిగా పీలుస్తాను...

మిమ్మల్ని కూడా ఇట్లా గడప దాకా లేపే వాసన ఏదన్నా ఉందా? ఉంటే చెప్పండి...