పతంగి కాయితపు అక్షరాలు

హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండిన బాలవాడి పంతులమ్మ మొన్న కన్నుమూశారు. ఆమె కొడుకు ఫోన్లో ఆ కబురు చెప్పగానే నాకు ముఖం కంటే ముందు ఆమె వేళ్ళు గుర్తొచ్చాయి. ఎప్పుడూ మైదా జిగురు అంటుకుని ఉండేవి.

డెబ్బైల నాటి సంగతి. నా చెల్లెకు చెవులు బాగా మందం. ఐదేళ్ళు నిండినా నోట ఒక్క మాట లేదు. బళ్ళో చేర్చుకోలేమన్నారు. వేసవి అయ్యేలోగా మాట రాకపోతే ఎక్కడో దూరాన ఉన్న మూగపిల్లల హాస్టల్లో వేస్తానని బాపు తేల్చి చెప్పాడు. అమ్మ ఏడుపు గోడ అవతలికి వినపడిందేమో, పంతులమ్మ తనే వచ్చారు.

బాలవాడి పిల్లలకు ఆమె అట్టతో అక్షరాలు కత్తిరించి ఇచ్చేవారు. చెల్లె కోసం మాత్రం పతంగుల దుకాణంలో పలచటి కాయితం ముక్కలు అడిగి తెచ్చారు. ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాసి, పైఅంచును వెదురు పుల్లకు అతికించి వేలాడదీశారు. నోటి ముందు పట్టుకుని "ప" అన్నారు. కాయితం ఉలిక్కిపడింది. "ఫ" అంటే ఇంకా పైకి లేచింది. "మ"కు కదలనే లేదు. అప్పుడు చెల్లె వేళ్ళను తన ముక్కు మీద పెట్టుకున్నారు, అక్కడ సన్నగా అదిరేది. శబ్దం కంటికి కనిపిస్తుందని, వేలికి తగులుతుందని నేను అంతవరకూ ఎరగను.

ఒకరోజు చెల్లె నోరు తెరవగానే కాయితం ఎగిరింది. అమ్మ చెల్లెను ఎత్తుకుని వాడంతా చెప్పడానికి బయల్దేరింది. పంతులమ్మ లేచి ఫ్యాను కట్టేశారు.

"గాలి మాట్లాడింది, పిల్ల కాదు. ఫికర్ జెయ్యకు, మాట వస్తది."

ఆనాటి నుంచి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఎండాకాలంలో చెమటలు కారుతుండగా కూర్చునేవాళ్ళు. కాయితం తడిసి చినిగితే ఆమె ఇంకోటి చేసేవారు. ఇంకెన్నాళ్ళని బాపు అడిగితే ఆమెది ఒకటే మాట: "తొందర మనకున్నది, పిల్లకు లేదు."

బడులు తెరిచే ముందు ఒక పొద్దున చెల్లె తన ముక్కు మీద తానే వేలు పెట్టుకుని, పెదవులు బిగించి విడిచింది.

"అమ్మా."

వంటింట్లో అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. పిలిచింది నేననుకుని వెనక్కి తిరగను కూడా లేదు.

"ఏందే పెద్దదానా, రొట్టె అయితుంది, ఆగు."

నేను చెప్పబోయాను. పంతులమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. చెల్లె మళ్ళీ పిలిచింది.