పామర్రులో దండలు, భవానీపురంలో కెనడా

నన్ను కెనడాకి సాగనంపి, దండలేసి, ప్రార్థన చేసి, రైలెక్కించి, కనుమరుగయ్యేదాకా చెయ్యూపిన మనుషులున్నారు. వాళ్ళ కంటపడకుండా నేను వారం తిరక్కుండానే బెజవాడలో దిగి, నెలల తరబడి దొంగలా తిరిగిన కథ ఇది. నవ్వండి, పర్వాలేదు. అప్పుడు నాకు ఏడుపే వచ్చింది గాని, ఇన్నేళ్ళకి మీతోపాటు నేనూ నవ్వగలను.

డెబ్బైల నాటి మాట. నా పేరు సుందర్రావు, ఊరు పామర్రు, లేతు మిషను మీద పని. మా ఆవిడ సుగుణ నర్సు. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకి కెనడాలో ఆసుపత్రి ఉద్యోగం, దాంతోపాటు అక్కడే స్థిరపడే అనుమతీ వచ్చాయి. అలా స్థిరపడిన భార్య తన భర్తని పిలిపించుకోవచ్చని అక్కడ చట్టం ఉంది. సుగుణ వెళ్ళీ వెళ్ళగానే నాకోసం దరఖాస్తు పెట్టింది. నన్ను ఢిల్లీకి ఇంటర్వ్యూకి పిలిచారు.

అక్కడి తెల్లదొర నా కాగితాలు తిరగేసి, "అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. వీసా ముద్ర పడేదాకా ఉద్యోగం మానొద్దు, ఊరు ఖాళీ చెయ్యొద్దు" అన్నాడు. అందులో 'అన్నీ సరిగ్గా ఉన్నాయి' అన్నంతవరకే నా చెవికెక్కింది. ఇనుము ఎత్తి దించే ఒంటికి డాక్టరు పరీక్ష ఒక లెక్కా? మద్రాసులో ఎక్స్‌రే తీయించుకుని, పామర్రు వచ్చి, "అయిపోయింది! వెళ్ళి ముద్ర వేయించుకుని విమానం ఎక్కడమే!" అని చాటింపు వేశాను.

మా చర్చి సంఘంలో ఎవరైనా దూరం వెళ్తుంటే కూడిక పెట్టి, ప్రార్థన చేసి పంపడం ఆనవాయితీ. ఇక నా విషయంలో చెప్పాలా! దేశం దాటేవాణ్ణాయె. బంతిపూల దండలు ముక్కుదాకా వచ్చాయి. మా దర్జీ ఓవర్‌కోటు అనే వస్తువుని జన్మలో చూసి ఎరగడు. "చలికేగా? నాకొదిలెయ్" అని రెండు రగ్గులు కలిపి కుట్టాడు. అది తొడుక్కుంటే చేతులు కిందికి దిగేవి కావు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది మా అక్క కరుణమ్మ. ఆవిడ జాడీడు ఆవకాయ కట్టింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. చివర్న నేను "ఆమెన్!" అన్నాను.

నా ఆమెన్ గురించి మీకో మాట చెప్పాలి. నేను ఆమెన్ అంటే గుడి కప్పు మీది పావురాలు లేచిపోయేవి. "సుందర్రావు ఆమెన్ అన్నాడంటే దేవుడికి మళ్ళీ వేరే కబురు పెట్టక్కర్లేదు" అని అయ్యగారు వేళాకోళం చేసేవారు.

ఢిల్లీలో, కోటుతో, జాడీతో ఆఫీసుకి వెళ్ళాను.

"మీ ఎక్స్‌రేలో పాత మచ్చేదో ఉంది. జబ్బు కాకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తీయించండి. మచ్చ మారకపోతే వీసా ఇస్తాం" అన్నాడు దొర.

"అప్పటిదాకా నన్ను ఎక్కడుండమంటారండీ?"

"మీ ఇంట్లో!"

"ఇంటికి వెళ్ళలేనండీ. దండలేశారు."

దొరకి ఇది అర్థం కాలేదు. మీకు అర్థమవుతుంది. అక్క వీధి వీధికీ తిరిగి చెప్పుకుంది. దండలు వాడకముందే జాడీ చంకనెట్టుకుని ఏ ముఖంతో దిగను? సుగుణకి ఆలస్యమని తంతి కొట్టి, బెజవాడలో దిగి, పామర్రు వాళ్ళెవరూ రాని చోటని భవానీపురంలో ఒక గది తీసుకున్నాను. గడ్డం పెంచాను. దగ్గర్లో చిన్న షెడ్డులో పనికి కుదిరాను.

ఇంటివారు రాహేలమ్మ గారు మంచావిడే గాని, ఆవిడ ప్రశ్నలకి అంతుండేది కాదు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఏలూరు అవతలండి."

"నీకంటూ ఎవరూ లేరా?"

"లేరండి."

ఎవరూ లేరన్న మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో! ఆ పూట అన్నం సహించలేదు. ఆదివారం వస్తే ఎక్కడికీ పోవడానికి లేదు. ఏ గుడికెళ్ళినా ఎవరో ఒకరు పామర్రు చుట్టాలు తగులుతారని భయం. కాలు నిలవక బస్టాండుకి వెళ్ళి, స్తంభం చాటున నించుని, పామర్రు బోర్డున్న బస్సుని చూసేవాణ్ణి. కండక్టరు "కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు!" అని అరుస్తుంటే రెండడుగులు ముందుకి వేసి, మళ్ళీ స్తంభం చాటుకే తప్పుకునేవాణ్ణి. బస్సు కదిలాక గదికి వచ్చేసేవాణ్ణి. పరాయి దేశంలో ఎంత ఒంటరిగా ఉంటుందో కెనడా వెళ్ళకుండానే నాకు తెలిసిపోయింది.

సుగుణ ఉత్తరం రాసింది. "నేనిక్కడ ఒంటరిగా ఉన్నానంటే అర్థముంది. మీరు అక్కయ్యకి గంటన్నర దూరంలో ఒంటరిగా ఉండటమేమిటండీ? నాచేత అబద్ధం చెప్పించకండి." అయినా పాపం, నా పోరు పడలేక అక్కకి 'ఆయన క్షేమం' అని మాత్రం రాసేది.

ఇలా రోజులు గడుస్తుండగా రాహేలమ్మ గారు మనవరాలి పుట్టినరోజుకి ఇంట్లో ప్రార్థన పెట్టారు.

"ఎవరొస్తున్నారండీ?" అన్నాను ఊరికే.

"మా చుట్టమే, పామర్రు అయ్యగారు."

"నాకు జ్వరమండీ!"

"అయితే రాక తప్పదు. తలమీద చెయ్యి పెట్టిస్తాను."

ఇంకేం చేసేది? జ్వరం నిజమనిపించడానికి ఆ రగ్గుల కోటు తొడిగి, కాలరు చెవులదాకా లేపి, అందరి వెనకా బియ్యం బస్తా పక్కన కూలబడ్డాను. మండుటెండలు. చెమటకి గడ్డం తడిసిపోయింది. అయ్యగారు వచ్చారు, ఒకసారి నావైపు చూశారు, గుర్తుపట్టలేదు. ప్రార్థన మొదలై అందరూ కళ్ళు మూసుకోగానే, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

అయ్యగారు పాప కోసం ప్రార్థించారు. కాలువలకి నీళ్ళు రావాలని ప్రార్థించారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు.

"ప్రభువా, దూరదేశం వెళ్ళిన మా సుందర్రావుని జ్ఞాపకం చేసుకో. వాళ్ళక్క ఇప్పటికీ భోజనాల దగ్గర వాడి కంచం కూడా పెడుతోంది. తీసెయ్యమంటే తియ్యదు. వాణ్ణి ఒక్కసారి మా మధ్యకి తీసుకురా తండ్రీ..."

ఆ కంచం నాకు తెలుసు. అంచున సొట్ట ఉంటుంది.

"ఆమెన్!"

ఇల్లు అదిరింది. పాప కెవ్వుమంది. అయ్యగారు కళ్ళు తెరవకుండానే, "ప్రభువా... ఇంత త్వరగానా?" అన్నారు.

తర్వాత ఒక కన్ను తెరిచారు. నేరుగా వచ్చి నా కాలరు పట్టుకున్నారు. "ఈ కోటు మా దర్జీ కుట్టిందే! ఒరేయ్, కెనడా నుంచి ఎప్పుడొచ్చావురా?"

"అసలు వెళ్ళలేదండీ."

"మరి ఎక్కడ చచ్చావు?"

"ఈ పక్క గదిలోనండీ."

"ఏలూరు అవతలన్నావు కదయ్యా!" అంది రాహేలమ్మ గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని.

సాయంత్రం బస్సుకి అయ్యగారు నన్ను పామర్రు తీసుకెళ్ళారు. అక్క తిట్టలేదు. సొట్ట కంచంలో అన్నం పెట్టి, నేను తినేదాకా చూసి, "ఆవకాయ జాడీ ఏదిరా?" అంది.

"ఆవకాయ అయిపోయిందక్కా."

"పోనీలే, తిండయితే తిన్నావు" అని అప్పుడు ఏడ్చింది.

గడువయ్యాక మళ్ళీ ఎక్స్‌రే తీశారు. మచ్చ ఉన్నచోటే ఉంది, నా పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. ఈసారి ఎవరికీ చెప్పొద్దనుకున్నాను గాని, బెజవాడ ప్లాట్‌ఫారం మీద సంఘమంతా నించునుంది. ఒక్కరి చేతిలోనూ దండ లేదు. "నువ్వు దిగినట్టు తంతి వస్తేనే దండలు" అన్నారు అయ్యగారు. బండి కదులుతుంటే అక్క, నేనేదో కంకిపాడు సంతకి వెళ్తున్నట్టు, "చీకటి పడేలోగా వచ్చెయ్యరా" అంది. "అలాగే అక్కా" అన్నాను. ఆ సారి నిజంగానే వెళ్ళిపోయాను.

కాబట్టి చదువరులారా, ముద్ర తడి ఆరేదాకా ప్రయాణం సంగతి పెదవి దాటనివ్వనని, ఎవరింట ప్రార్థన జరిగినా ఆమెన్ గట్టిగా అననని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

మొదటిది నిలబెట్టుకున్నాను. రెండోది నావల్ల కాలేదు. ఇక్కడ కెనడాలో మా చర్చిలో అందరూ పెదాలు కదిపి ఊరుకుంటారు. సుగుణ మోచేత్తో పొడుస్తున్నా సరే, ఒక్కో ఆదివారం నేను కావాలనే గట్టిగా అంటాను. ఎవరైనా తల తిప్పి "ఎప్పుడొచ్చావురా?" అంటారేమోనని కాసేపు చూస్తాను.