పొట్టు రాలని ఆట

మా ఆపరేటర్ మామ పోయాడు. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ అలాగే గోడకు ఆనుకున్నాడట. చేతిలో గ్లాసు ఒలకను కూడా లేదని అత్త వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నాకు కబురు తెచ్చింది శెనక్కాయల మిల్లు శెట్టి. మా గుమ్మం ముందు నిలబడి, "మన ఆట అయిపోయిందమ్మా" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు ఒళ్ళు మండింది. ఆట అయిపోయిందనే మాట ఆ మనిషి ముందు ఎవరన్నా అని ఉంటే బతకనిచ్చేవాడు కాదు.

కంబదూరులో చిన్నాపెద్దా అందరికీ ఆయన మామే. వయసులో ఉన్నప్పుడు టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు ఆడించేవాడు. రీలు తెగితే మిగతా ఆపరేటర్లు జనం తిట్లకు భయపడి గదిలో గొళ్ళెం పెట్టుకునేవాళ్ళు. మామ మాత్రం ఒక చేత్తో రీలు అతికిస్తూ ఇంకో చేత్తో మైకు పట్టుకుని మిగతా కథ చెప్పేవాడు. "బొమ్మ తెగినా కథ తెగగూడదు" అన్నది ఆయన పట్టు. ఒకసారి అతుకు ఆలస్యమై మామ కథ ముందుకు పోయి, హీరో చెల్లెలికి పెళ్ళి కూడా చేసేశాడట. తీరా బొమ్మ పడితే ఆ చెల్లెలు చచ్చిపోయింది. మామ కథే బాగుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

టాకీసు మూతపడ్డాక ఆయన సైకిలు రిపేరు షాపు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు మా బడి పిల్లలు మేకల మీద ఫోనులో తీసిన అయిదు నిమిషాల సినిమా ఆయనకు చూపించారు. ఇంత చిన్న అద్దంలో చూస్తే ఏం సుఖమని విసుక్కుని, సున్నం కొట్టిన గోడ వెతికాడు. అలా మొదలైంది మా పొట్టి బొమ్మల తిరునాళ్ళ. ఆ పేరూ ఆయనదే. పక్కింటి తెలుగు టీచరును గనుక నాకు సెక్రటరీ ఉద్యోగం తప్పలేదు. మూడో ఏటికల్లా ఎక్కడెక్కడి పిల్లలో నెట్టులో సినిమాలు పంపడం మొదలుపెట్టారు. ఆట ముందురోజు బడి గేటు పక్కన నల్లబల్ల మీద ప్రతి సినిమా పేరూ, తీసినవాళ్ళ పేరూ ఊరూ సుద్దముక్కతో నాచేత రాయించేవాడు. బల్ల మీదికెక్కిన పేరు చెరపడానికి వీల్లేదు.

మా దగ్గర ఓట్లు శెనక్కాయలు. ఆట మొదట్లో ఒక్కొక్కరికి గుప్పెడు ఇస్తాం. నచ్చిన సినిమా కుండలో కాయ వెయ్యాలి. మొదటి ఏడు తీరా చూస్తే కుండలన్నీ కలిపి పాతిక కాయలు లేవు. మా జనం ఓట్లు వలుచుకుని తినేశారు. నేను తల పట్టుకున్నాను. మామ చీపురు అడ్డంగా పట్టుకుని నేల మీది పొట్టు పరీక్షగా చూశాడు.

"బొమ్మ పట్టుకుంటే నోరు ఆడదు పాపా. ఏ బొమ్మకు పొట్టు రాలిందో అది తప్పినట్టు" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి సినిమా అయ్యాక ఒకసారి ఊడ్చి చూడటం మా ఆచారమైంది. కుండ చెప్పే మాట కంటే పొట్టు చెప్పే మాటనే ఆయన నమ్మేవాడు.

పోయిన ఎండాకాలం, మా ఆటకు వారం ముందు, సరిహద్దులో యుద్ధం మొదలైంది. మా ఆట జరిగే బడి మైదానంలో చీకటి పడ్డాక జనాన్ని పోగు చెయ్యొద్దని అధికారులు అన్నారు. యుద్ధం జరుగుతుంటే సినిమాలేమిటని ఊళ్ళో సగం మంది మొహం మీదే అడిగారు. నిజం చెప్పొద్దూ, వాయిదా వేద్దామన్న మొదటి మనిషిని నేనే. మామ నాతో వాదించలేదు. శెట్టి దగ్గరికి పోయి, పని లేక మూతపడి ఉన్న మిల్లు గోదాము అడిగాడు. తలుపులేస్తే పగలే చీకటి కదా అని ఆయన లెక్క. రేకుల కప్పు తూట్లలోంచి ఎండ దిగుతుంటే, డెబ్బై దాటిన మనిషి నిచ్చెనేసుకుని తూటుతూటుకూ గోనెపీలిక కుక్కాడు. కింద నుంచి అత్త తిట్టిన తిట్లకు అంతు లేదు.

ఆట ముందురోజు సాయంత్రం నాకొక ఫోను వచ్చింది. జమ్మూ వైపు సరిహద్దు పల్లె అమ్మాయి. వాళ్ళ నానమ్మ మీద సినిమా తీసింది. అక్కడ నెట్టు సరిగా అందక రెండు ముక్కలుగా పంపుతానంది. మొదటి ముక్క మాకు చేరింది. రెండోది పంపేలోపు ఊరి మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి. కంప్యూటరు ఇంట్లోనే వదిలి, నానమ్మను తీసుకుని ఎక్కడో బడిలో తలదాచుకుంది. ఇల్లు ఉందో లేదో తెలియదు. సగం సినిమా వెయ్యకండి, నా పేరు తీసెయ్యండి అని ఏడ్చింది. ఆమె చేతిలో మిగిలింది ఆ సినిమా ఒక్కటే, అదీ మా దగ్గరున్న సగం.

ఫోను మామకిచ్చాను. లారీల్లో ఫిల్ము పెట్టెలతో తిరిగి నేర్చుకున్న తురకం, అదే ఉర్దూ, ఆయనది. బల్ల మీద పేరు ఎక్కిందనీ, రేపు పదకొండు గంటలకు ఫోను దగ్గర పెట్టుకోమనీ చెప్పి పెట్టేశాడు.

"రేపు ఫోను కలవకపోతే ఏం చేస్తావు మామా?" అన్నాను.

"సగమన్నా పడతాది. ఆ పాప ఇల్లు ఇడిసి వచ్చిండాది. మనం పేరు గూడా ఇడిస్తే ఇంగేముంటాది?"

మర్నాడు గోదాము నిండింది. రేకుల కింద ఉడికిపోయాం. యుద్ధమప్పుడు సినిమాలేంటన్నవాళ్ళూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అమ్మాయి సినిమా పడింది. వాళ్ళ ఊరి మీద ఇంతకుముందోసారి కాల్పులు జరిగినప్పటి కథ అది. ఊరు ఖాళీ చేస్తున్నారు. ముసలామె నగలు చూసుకోలేదు. విత్తనపు గోధుమలు కుండలో పోసి, పశువుల కొట్టంలో గుంత తీసి పూడ్చి, పైన తడిమన్ను మెత్తి, తలుపుకు తాళం వేసి నడిచిపోయింది. అంతటితో తెర తెల్లబడింది.

ఒక్కరూ లేవలేదు. మా వాళ్ళంతా వానను నమ్ముకున్న సేద్యగాళ్ళు. ఇంట్లో గింజ లేని ఏడు కూడా విత్తనకాయ జోలికి పోని మనుషులు. మామ మైకు తీసుకుని, ఫోను స్పీకరు పెట్టాడు. అమ్మాయి గొంతు వినబడింది. ఆమె ఒక ముక్క చెబితే మామ దాన్ని తెలుగులో చెప్పాడు. ఈసారి ఒక్క మాట కూడా సొంతంగా కలపలేదు. ఇరవై రెండు రోజులకు ఊరికి తిరిగి వచ్చారట. నానమ్మ ఇంట్లోకి పోకుండా నేరుగా కొట్టంలోకి పోయి తవ్విందట. అమ్మాయి అక్కడ ఆగిపోయింది.

వెనక నుంచి ముసలి రైతు ఒకాయన లేచి, "విత్తనం చెడిందా లేదా, అది అడుగు మామా" అన్నాడు.

మామ అడిగాడు. పైన గింజలు నల్లబడ్డాయట. నానమ్మ చెయ్యి లోపలికంటా పోనిచ్చి అడుగు నుంచి ఒక గింజ తీసి పంటికింద పెట్టింది. కటుక్కుమంది. ఆ మాట మామ తెలుగులో చెప్పాడు. పంటికింద కటుక్కుమంటే ఏమిటో మా వాళ్ళకు వివరించక్కర్లేదు. రేకులు ఎగిరిపోయేట్టు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కూడా అలాగే పాతి వచ్చామని అమ్మాయి చెప్పింది. ఇంతలో ముసలామె ఫోను లాక్కుని ఏదో అడిగింది. మామ నవ్వుతూ మా వైపు తిరిగాడు.

"మీకాడ వాన పడిందా అంటాండాది."

గోదామంతా ఒక్క గొంతుతో లేదంది, నవ్వింది. ఇంకా పడలేదమ్మా, పడతాది అని మామ ఆమెకు చెప్పాడు.

ఆ తర్వాత ఆచారం ప్రకారం నేను చీపురు పట్టాను. నేల మీద ఒక్క పొట్టు లేదు. అమ్మాయి కుండ నిండి కాయలు కిందికి జారుతున్నాయి. మామ ఆ కుండ ఎత్తి పట్టుకుని, ఉద్యోగం వచ్చిన పిల్లాడిలా గోదామంతా తిరిగాడు. నా జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు. వాయిదా వేద్దామన్న సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

కాల్పులు ఆగాక అమ్మాయి ఇంటికి చేరింది. ఒక గోడ పడింది గానీ కుండా, కంప్యూటరూ మిగిలాయి. రెండో ముక్క వచ్చిన రోజునే మామ ఊరంతా పిలిచి సినిమా మొత్తం మళ్ళీ వేశాడు. ఆ కుండలోని కాయలు గుడ్డసంచిలో కుట్టి ఆమెకు పంపాం. కొన్ని వేయించుకున్నారట. కొన్ని నానమ్మ పెరట్లో నాటింది. కార్తీకంలో ఊడలకు కాయలు వేలాడుతుండగా పీకిన శెనక్కాయ చెట్టు ఫొటో వస్తే, మామ దాన్ని షాపులో పంపుల పక్కన తగిలించుకున్నాడు.

ఆదివారం ఆయన్ను ముంగిట్లో పడుకోబెట్టారు. గోదాములో విత్తనం సంగతి అడిగిన ఆ ముసలి రైతు వచ్చాడు. లోపలికి పోయి ఓటు కుండ ఒకటి తెచ్చి మామ కాళ్ళ దగ్గర పెట్టి, రొంటిలోంచి ఒక కాయ తీసి వేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినట్టే వేశారు. శెట్టీ వేశాడు. అమ్మాయి ఫోను చేసి, తనదొకటీ నానమ్మదొకటీ వెయ్యమంది. వేశాను. ఈ నెలాఖరుకు ఆట ఉంది, పేర్లు ముందుగానే బల్ల మీద రాసేశాను, చెరపను.

ఆయన్ను సాగనంపి వచ్చేసరికి పొద్దు వాలింది. పగలంతా మూడు నాలుగు వందల మంది కూర్చున్న ముంగిలి అది. కుండలో వెయ్యగా మిగిలిన శెనక్కాయలు చేతుల్లో పట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నారు. అత్త చీపురు తీసుకుని ఈ మూల నుంచి ఆ మూల దాకా ఊడ్చింది. ఆగి, వంగి చూసి, నన్ను పిలిచింది. ఒక్క పొట్టు లేదు.