కొల్లేటి అప్పగింతలు

సినిమాతో లోకాన్ని మార్చేయవచ్చని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది డిగ్రీ పూర్తయ్యాక, కాస్త ఆలస్యంగా వచ్చింది. పెళ్ళి క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న ఆ రోజుల్లో, ఏలూరులో మా మామూ (మా అమ్మకు తమ్ముడు) నడిపే వీడియో షాపులో నేను కెమెరా పట్టేవాణ్ణి. మామూ ఐదు పూటలా నమాజు చేసే మనిషే గాని, షాపు గోడకు ఎప్పుడూ పంచాంగం వేలాడుతుండేది. మూఢం ఎప్పుడు విడుస్తుందో వీధి చివరి పంతులుగారికంటే ముందు ఆయనే చెప్పేవాడు. పుష్యమాసంలో ముహూర్తాలుండవు కనక కెమెరాకి సెలవు. ఆ సెలవుల్లోనే నా బుర్రలో పురుగు తొలిచింది.

పేపర్లలో అప్పుడప్పుడే భూతాపం అనే మాట తరచుగా కనబడుతోంది. వానలు తప్పుతున్నాయనీ, కొల్లేరు ఏటేటా చిక్కిపోతోందనీ చదివి చదివి, దాని మీద ఒక సినిమా తీసి తీరాలనుకున్నాను. నా కోరికల్లా ఒక్కటే, అది చూసి ఒక్క మనిషైనా ఏడవాలి. ఆ మాట మామూతో అంటే, "ఏడిపించడానికి కొల్లేరు దాకా ఎందుకురా, మీ అమ్మకి నీ మార్కులు చూపించు చాలు" అన్నాడు. కెమెరా మాత్రం ఇచ్చాడు.

కైకలూరు దాటాక సరస్సు ఒడ్డున ఒక ఊళ్ళో, చేపలమ్మి పిల్లల్ని పెంచిన ఒక మామ్మగారు నాకు అన్నం పెట్టి, అరుగు మీద చోటిచ్చింది. తెల్లారగట్ల దోనె ఎక్కితే మంచులో నీళ్ళెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలిసేది కాదు. ఆ తెల్లదనంలోంచి చెట్లు, చెట్ల నిండా గూళ్ళు, గూళ్ళలో గూడబాతులు మెల్లిగా తేలి వచ్చేవి. పిల్లలు తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తింటుంటే నేను కెమెరా నొక్కడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయేవాణ్ణి (సినిమాలో కొన్ని మంచి ఘట్టాలు లేకపోవడానికి కారణం అదే). ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళేసరికి అవి పిల్లల్ని వెంటబెట్టుకుని ఎగిరిపోతున్నాయి. వెనక మిగిలింది నెర్రెలు తీసిన మట్టి. అదీ తీశాను. ఇంటికొచ్చి, గొంతు గంభీరంగా రావాలని ఇత్తడి బిందెలో తల పెట్టి "ఓ మానవా, మేలుకో" అంటూ వ్యాఖ్యానం చదివాను. మా అమ్మ మంచినీళ్ళ బిందె అది. ఆవిడ ముందే మేలుకుని ఉంది కనక నాలుగు తగిలించింది.

షాపులో పెళ్ళి బొమ్మలకి పాటలూ హంగులూ కలిపే మిక్సింగ్ మిషను మీద చెయ్యి వేసే హక్కు మామూ ఒక్కడిదే. సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెంలో పెళ్ళి పడి, నేను కెమెరాతో అటు పోవలసి వచ్చింది. తిరిగొచ్చేసరికి సీడీ తయారు. ఆ సాయంత్రమే మామ్మగారి ఊళ్ళో చూపించాలి. బస్సులో మామూ నెమ్మదిగా చెప్పాడు, "నీ మాటలు తీసేశానురా. పక్షులు బెదిరిపోయి ఎగిరిపోతున్నట్టుంది."

ఊళ్ళో సరస్సుకే గట్లు కట్టి చేపల చెరువులు చేసుకున్న ఆసామి ఒకాయన తన టీవీ తెచ్చి స్కూలు వరండాలో పెట్టించాడు. జనం చేరారు. సన్నాయి మొదలైంది. తెర నిండా గులాబీ రేకులు రాలాయి. గూడబాతుల జంట హృదయం బొమ్మలో తిరుగుతూ వచ్చింది. పిల్లలు చేపలు తింటుంటే వెనక భోజనాల బంతికి వేసే హుషారైన పాట. ఆపైన అక్షింతలు. నాకు తల కొట్టేసినట్టయింది. జనం పడీ పడీ నవ్వుతున్నారు. "మగపెళ్ళివారిది ఏ ఊరండీ?" అని ఎవరో అడిగారు కూడాను.

అప్పుడొచ్చింది అప్పగింతల సన్నాయి. మా వైపు ఆడవాళ్ళు ఆ సన్నాయి వింటే ఎవరి పెళ్ళని అడగరు, కొంగు అందుకుంటారు. తెర మీద గూడబాతులు ఒక్కటొక్కటే లేచి, పిల్లలతో దూరమవుతున్నాయి. నవ్వులు ఆగాయి. పక్షులు వెళ్ళిపోయాయి, ఎండిన మట్టి మిగిలింది, సన్నాయి మాత్రం ఆగలేదు. ఎవరూ లేవలేదు.

మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "పుట్టింటికి పురిటికొచ్చి, పిల్లల్నెత్తుకుని పోతున్నాయండీ బాబూ. మళ్ళీ ఏడు పురిటికొచ్చేసరికి ఇంట్లో నీళ్ళుంటాయాండీ?"

వ్యాఖ్యానమంతా నాకు కంఠతా వచ్చు. అందులో ఆవిడకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. టీవీ తెచ్చిన ఆసామి తల వంచుకుని కూర్చున్నాడు. "ఉంటాయి మామ్మగారూ" అనేశాను.

తిరుగు బస్సులో మామూ, "ఒకావిడ ఏడ్చింది కదరా, ఇంకేం?" అన్నాడు. "ఆవిడ ఏడ్చింది నీ సన్నాయికి, నా సినిమాకి కాదు" అన్నాను ఉక్రోషంగా. "మరి నువ్వెందుకు ఏడ్చావు?" అన్నాడాయన.

ఇప్పుడు కొల్లేటి మీద డ్రోన్లు ఎగరేసి ఎంతో అందంగా తీస్తున్నారు. మామ్మగారు లేదు. నేనింకా పెళ్ళిళ్ళే తీస్తున్నాను. ముహూర్తాలు లేని పుష్యమాసం రాగానే కైకలూరు బస్సెక్కుతాను. ఆ చెట్ల మీద మొదటి గూడబాతు కనబడేదాకా ఒడ్డు వదలను. కనబడ్డాక, బిందెలో తల పెట్టి లోకాన్ని మేలుకొలిపిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడు మామ్మగారికిచ్చిన మాట ఇంకో ఏడు నిలబడింది.